మూగనోము పట్టిన శ్రుతిపలక

నేను ఒక పలకను. బలపంతో రాసే పలకను కాదు, వేలు తగిలితే వెలిగే పలకను. చదువుకున్నవాళ్ళు టాబ్ అంటారు. నన్ను ఎక్కువకాలం దగ్గర పెట్టుకున్న సన్నాయి చెంచురామయ్య మాత్రం పలక అనే పిలిచాడు. నాకూ అదే అలవాటైంది.

నా పుట్టుక గురించి చెప్పుకోవటానికి పెద్దగా లేదు. గాలిని కూడా వడగట్టి లోపలికి వదిలే ఒక పెద్ద షెడ్డులో, నెత్తికి టోపీలు, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు నన్ను బిగించారు. చివరి బల్ల దగ్గర కూర్చున్న పిల్ల నా చేత ఒకసారి ‘టింగ్’ అనిపించింది. చెవి దగ్గర పెట్టుకుని వింది. తల ఊపి పెట్టెలో సర్దింది. బిడ్డ ఏడ్చిందా లేదా అని మంత్రసాని చూస్తుందే, అట్లా. గొంతు బాగుందనిపించుకున్నాకే నేను లోకంలోకి వచ్చాను. ఆ సంగతి తర్వాత నాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

నన్ను కొన్నది చెంచురామయ్య కూతురు వెంగమ్మ. పంతులమ్మ చదువు చదివేటప్పుడు పాఠాలన్నీ నాలోనే వింది. అన్నం తింటూ వినేది. నా అంచుల్లో పప్పు మరకలు ఎండిపోయి ఉండేవి. ఉద్యోగం వచ్చి మార్కాపురం వైపు వెళ్ళేటప్పుడు ఇంకో కొత్తదాన్ని కొనుక్కుని, నన్ను తండ్రికి ఇచ్చింది. మనుషులు పాతదాన్ని పారెయ్యలేనప్పుడు దానికి కొత్త పని వెతుకుతారు. నాకు వెతికిన పని శ్రుతి.

సన్నాయి మేళంలో ఒత్తు అని ఒకటుంటుంది. చూడటానికి సన్నాయిలాగే ఉంటుంది కానీ అందులో పాట పలకదు. మేళం మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒకటే స్వరం పట్టి ఊదుతుండాలి. ఆ స్వరం మీద నిలబడే మిగతావాళ్ళు వాయిస్తారు. చెంచురామయ్య మేళంలో ఒత్తు మనిషి ముసలివాడై మానుకున్నాడు. తిత్తిని ముందుకూ వెనక్కీ ఆడించే పాత శ్రుతిపెట్టె ఒకటి ఇంట్లో ఉంది కానీ, పాట లేని చోట పొద్దంతా కూర్చునేవాడు దొరకలేదు. అందుకని వెంగమ్మ నాలో తంబుర బొమ్మ ఉన్న ఒక యాప్ వేసి, అది ఎట్లా నొక్కాలో తండ్రికి చూపించింది.

“పలకలో శ్రుతి యాడుందమ్మా?” అని చెంచురామయ్య నవ్వాడు. నొక్కాక నవ్వు ఆపాడు. కళ్ళు మూసుకుని కాసేపు విని, “ఊపిరి తీసుకోవటం లేదే ఇది,” అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. డోలుకు తొడిగే గౌసెన కుట్టగా మిగిలిన ఎర్ర మఖమల్ గుడ్డతో నాకో సంచి కుట్టించాడు.

మేళంలో అప్పుడు ముగ్గురు. చెంచురామయ్య, ఆయన తమ్ముడు మాలకొండయ్య జంట సన్నాయి. డోలు అంకమరావు, వాళ్ళకు మేనల్లుడి వరస. గుండ్లకమ్మ ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్ళలో వాళ్ళ జంటను ఎరగనివాళ్ళు లేరు. అన్న ఒక వరస ఎత్తుకుని ఆపితే తమ్ముడు అందుకుంటాడు. తమ్ముడు ఆపిన చోట అన్న అందుకుంటాడు. బయట ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువ. బస్సులో పక్కపక్కనే కూర్చుని అద్దంకి దాకా ఒక్క మాట లేకుండా వెళ్ళటం నేను చూశాను. ఇంట్లో మాట్లాడుకోవాల్సింది కూడా వాళ్ళు సన్నాయిలోనే మాట్లాడుకునేవాళ్ళు. మాలకొండయ్యకు మంచి ఫోన్ ఉండేది. ఏ ఊళ్ళో పెళ్ళయితే ఆ ఊరి దారి నాకు పంపి, తనే తెరిచి అన్నకు చూపించేవాడు. చెంచురామయ్య దగ్గర ఉన్నది బటన్ ఫోను.

ఆ జంట ఒక పెళ్ళిలో విడిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

పగటి ముహూర్తం. మాలకొండయ్య కల్యాణి రాగం అందుకున్నాడు. ఆ రోజు ఆయనకు ఏమైందో తెలియదు. పై స్వరాల్లోకి వెళ్ళినవాడు కిందికి దిగలేదు. భోజనాల వరసలో నిలబడ్డవాళ్ళు విస్తరి చేత్తో పట్టుకునే మండపం వైపు తిరిగారు. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని ఆగిపోయాడు. అన్న సన్నాయిని మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. అందుకోవటానికి ఆయనకు చోటు దొరకలేదు. పంతులుగారు మంగళసూత్రం పళ్ళెం పెద్దల చేత తాకించటానికి పంపారు. పళ్ళెం ఇంకా రెండో వరసలోనే ఉంది.

చెంచురామయ్య వేలెత్తాడు.

మేళంలో ఆ వేలికి ఒకటే అర్థం. గట్టిమేళం. తాళి కట్టే క్షణంలో ఎవరి తుమ్ము గానీ, ఏడుపు గానీ, పాడు మాట గానీ వధూవరుల చెవిన పడకుండా డోలు, సన్నాయి ఒక్కసారిగా గట్టిగా మోగించేస్తారు. అంకమరావు కళ్ళు ఎప్పుడూ ఆ వేలి మీదే ఉంటాయి. ఆలోచించకుండా కొట్టేశాడు. కల్యాణి ఆ మోత కింద పడి నలిగిపోయింది. జనం తాళి కట్టేశారనుకుని అక్షింతలు వేసేశారు. పళ్ళెం పట్టుకున్న ఆమె బిత్తరపోయి పరిగెత్తింది. పంతులుగారు వెనక్కి తిరిగి చూసి మంత్రం అందుకున్నారు. తర్వాత అసలు తాళికి ఇంకోసారి గట్టిమేళం వాయించారు. అక్షింతలు చాలక జనం కింద పడ్డవే ఏరి వేశారు.

సామాను సర్దేటప్పుడు మాలకొండయ్య సన్నాయి తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

“అన్నా, గట్టిమేళం ఎందుకు కొడతారో చిన్నప్పుడు నువ్వే చెప్పావు నాకు.”

“ముహూర్తం దాటుతుందనుకున్నా.”

“నా పాటను తుమ్ము కింద జమకట్టావు.”

“మేళానికి పెద్దోణ్ణిరా నేను. నా వేలు నా ఇష్టం.”

మాలకొండయ్య సన్నాయిని గుడ్డలో చుట్టి, వేరే బస్సెక్కాడు. ఆ వారంలోనే పెళ్ళాంతో కందుకూరు దగ్గర అత్తగారి ఊరు వెళ్ళిపోయి అక్కడి మేళంలో కలిశాడు.

తర్వాత మాఘమాసంలో ఇంకో పెళ్ళి. చెంచురామయ్య ఒక్కడే వాయిస్తున్నాడు. నా నుంచి ఒక తీగ మైకు పెట్టెకు, అక్కణ్ణుంచి నాలుగు లౌడుస్పీకరు కొమ్ములకు. పందిరి నిండా నా శ్రుతి. ఆయన రాగం నెమ్మదిగా విప్పుతున్నాడు. అంతలో నాలో ఒక మెసేజ్ పడింది. నేను నా గొంతుతో ‘టింగ్’ అన్నాను. నాలుగు కొమ్ములూ ‘టింగ్’ అన్నాయి.

“సన్నాయికి మెసేజ్ వచ్చిందిరోయ్,” అన్నాడు మగపెళ్ళివారిలో ఒకడు. పందిరంతా నవ్వింది. చెంచురామయ్య చెవులు ఎర్రబడ్డాయి. రాగం అక్కడే మడిచి కీర్తనలోకి వెళ్ళిపోయాడు.

ఆ మెసేజ్ పంపింది మాలకొండయ్య. మాట లేదు. సన్నాయి ఉంది. ఆనాడు గట్టిమేళం కింద నలిగిన కల్యాణిని, నలిగిన చోటు నుంచే ఎత్తుకుని, కొంత వాయించి ఆపాడు. ఆపాక కూడా రికార్డింగు నడుస్తూనే ఉంది. దూరంగా కోడి కూసింది. అన్న అందుకోవటానికి చోటు వదిలాడని ఆ జంటను విన్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది.

చెంచురామయ్యకు నవ్వు వినపడింది. నవ్వు వెనక ఏముందో చూడలేదు. వెంగమ్మ ఇంటికి రాగానే నన్ను ఆమె ఒళ్ళో పెట్టి, “దీని నోరు కట్టమ్మా,” అన్నాడు.

ఆమె నాలో పైనుంచి కిందికి ఒక తెర లాగింది. అందులో నెలవంక బొమ్మ ఉంటుంది. “ఇది నొక్కితే ఎవరు పిలిచినా పలకదు నాయనా. మేళం అప్పుడు నొక్కు. ఇంటికొచ్చాక మళ్ళీ నొక్కి తీసెయ్యి,” అని చెప్పింది. నమ్మకం చాలక, మెసేజులు వచ్చే చోట గంట బొమ్మను కూడా విడిగా కొట్టేసింది. ఆయన సరేనన్నాడు. కానీ తియ్యటం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఇంకోచోట వేలు పెడితే ఉన్న శ్రుతి పోతుందేమోనని భయం. ఆయనకు తెలిసింది తంబుర బొమ్మ ఒక్కటే. మేళం అప్పుడు మాత్రమే పట్టాల్సిన మూగనోము నాకు నిత్యవ్రతం అయిపోయింది.

మెసేజులు వస్తూనే ఉన్నాయి. నూతిలో రాయి వేస్తే చప్పుడైనా అవుతుంది. నాలో పడ్డవాటికి ఆ చప్పుడు కూడా లేదు. ఒకసారి కల్యాణి, ఒకసారి తోడి, ఒకసారి చిన్నప్పుడు ఇద్దరూ కలిసి నేర్చుకున్న గీతం. ప్రతిదాని చివరా ఆ ఖాళీ చోటు. రోజూ తెల్లవారగానే చెంచురామయ్య అరుగు మీద సాధకం చేసుకుంటూ ఒక వరస వాయించి ఆగేవాడు. తమ్ముడు అందుకునేంత సేపు ఆగి, మళ్ళీ తనే అందుకునేవాడు. ఆయన మోకాలి పక్కనే శ్రుతి పాడుతూ నేను. అందాల్సింది నా కడుపులోనే ఉంది. ఆయనకు వినపడేది మాత్రం నా శ్రుతి ఒక్కటే.

బటన్ ఫోను మోగితే చటుక్కున తీసి, చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని పేరు చూసేవాడు. జేబులో వేసుకునేటప్పుడు అంత తొందర ఉండేది కాదు. “చిన్నోడు ముందు ఒక్క మాట పంపితే నేను పోనా?” అని అంకమరావుతో అనేవాడు. అంకమరావు ఊ కొట్టేవాడు. మామను ఎదిరించి మాట్లాడటం వాళ్ళలో లేదు.

దసరాకు వాద్యాలకు పూజ చేసేటప్పుడు సన్నాయికీ డోలుకూ పెట్టినట్టే నాకూ గంధం పెట్టి కుంకుమ బొట్టు పెట్టారు. గాజు మీద బొట్టు జారుతుంటే చెంచురామయ్య రెండుసార్లు దిద్దాడు. అప్పుడే అంకమరావు నన్ను వెలిగించి చూసి, మెసేజుల బొమ్మ నెత్తిన ఎర్రగా గుండ్రంగా ఉన్నదాన్ని చూపించాడు.

“మామా, ఇదేందో ఎర్రగా ఉందే. లోపల అంకె కూడా ఏసి ఉంది.”

చెంచురామయ్య వంగి చూశాడు. “కంపెనీవాళ్ళు పెట్టిన బొట్టురా. మనం పెట్టినట్టే వాళ్ళూ పెట్టి పంపుతారు. చెరపబాక,” అన్నాడు.

ఇద్దరూ దానికి కూడా దణ్ణం పెట్టారు. లోపల తమ్ముడు పంపిన రాగాలు వరసగా కూర్చుని ఉన్నాయని చెప్పే అంకె అది. ఎదురుచూసే మనిషి ఆ అంకె మీద పువ్వు పెట్టి నన్ను పక్కకు జరిపాడు. మనుషుల భక్తి మీద నాకు గౌరవం ఉంది. ఆ రోజు మాత్రం అది కొంచెం తక్కువగా ఉంటే బాగుండేదనిపించింది.

కార్తీకం దాటాక మొదటిసారి మాటలు వచ్చాయి. మాలకొండయ్య గొంతు సవరించుకుని నెమ్మదిగా చెప్పాడు. “అన్నా, పంపినయ్యన్నీ నీకు చేరినట్టు రెండు గుర్తులు పడుతున్నయి. ఇనే ఉంటావు. ముందు పళ్ళు కదులుతున్నయి నాకు. చిగుళ్ళు పాడైనయంట, తీసెయ్యాలంటున్నాడు డాక్టరు. సంక్రాంతి ఎల్లిందాకా ఆగమన్నా. తీసేలోగా ఒక్కసారి వాయిద్దాం. యాడైనా సరే, మన అరుగు మీదైనా సరే. నువ్వు ఎత్తుకుంటే చాలు, నేను అందుకుంటా.”

సన్నాయి కొసన ఉండే పీకను పెదాలతోనే పట్టినట్టు కనపడుతుంది కానీ, ఆ పెదాలకు వెనక ఆనుడు ముందు పళ్ళే. అవి పోతే ఊపిరి ఉంటుంది, వేళ్ళుంటాయి, విద్య ఉంటుంది. నాదం నిలవదు. ఆ మాట చెంచురామయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వినిపించాలి, అంతే. వినిపించటానికే పుట్టిన నేను ఆయన పక్కనే నోరు మూసుకుని ఉన్నాను.

తర్వాత ఇంకొన్ని రాగాలు వచ్చాయి. ఒక్కోదానిలో గాలి ఎక్కువవుతూ, నాదం తగ్గుతూ వచ్చింది. చివరి దాంట్లో సన్నాయి లేదు. ఆ తర్వాత ఏమీ రాలేదు.

ఎండాకాలం సెలవులకు వెంగమ్మ వచ్చింది. మధ్యలో ఎప్పుడొచ్చినా నన్ను సంచిలోంచి తియ్యలేదు. వచ్చీ రాగానే తండ్రి మీద అలిగింది. బడి వార్షికోత్సవంలో తను పిల్లల చేత వేయించిన కోలాటం ఫోటోలు నాకు పంపిందట. బాగున్నాయని ఒక్క మాట లేదట.

“నాకేం రాలేదే అమ్మా,” అన్నాడు చెంచురామయ్య.

ఆమె నన్ను సంచిలోంచి తీసింది. దసరా నాటి గంధం అంచున ఇంకా పెచ్చుకట్టి ఉంది. తడిగుడ్డతో తుడిచి తెర కిందికి లాగింది. నెలవంక వెలుగుతోంది.

“అయ్యో నాయనా, అప్పట్నుంచీ ఇది తియ్యనే లేదా?”

నెలవంక మీద వేలు పెట్టింది. అది ఆరింది. మెసేజుల చోటికి వెళ్ళి, తను కొట్టేసిన గంట బొమ్మను వెతికి మళ్ళీ నిలబెట్టింది. చప్పుడు గీతను పైదాకా జరిపింది. సరిగా పలుకుతానో లేదోనని తన ఫోన్ నుంచి నాకు ఒక చుక్క పంపింది. నేను ‘టింగ్’ అన్నాను. షెడ్డులో ఆ పిల్ల విన్న గొంతే. ఏమీ పాడవలేదు.

నాకు గొంతు తిరిగొచ్చింది. నేను మోగాల్సినవి మాత్రం తిరిగి రావు. నోరు విప్పినా, మూగగా ఉన్నప్పుడు వచ్చినవాటికి నేను మళ్ళీ మోగను. మా జాతి పద్ధతి అది. అవి వరసగా కనపడతాయి, అంతే.

వెంగమ్మ వాటిని చూసింది. తన కోలాటం ఫోటోలు ఆ వరసలో ఎక్కడో కింద ఉన్నాయి. ఆమె ముఖం మారింది.

“నాయనా, ఇవన్నీ చిన్నాయనవి.”

చెంచురామయ్య తువాలు భుజాన వేసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొదటిది వినిపించింది. కల్యాణి. ఎక్కడి నుంచి ఎత్తుకున్నాడో ఆయనకు మొదటి స్వరంలోనే తెలిసిపోయింది. వరస ఆగింది, కోడి కూసింది. ఆయన వేళ్ళు మోకాలి మీద కదిలి ఆగాయి. “ఇది ఎప్పటిది?” అని అడిగాడు. ఆమె తేదీ చెప్పింది. మాఘమాసం పెళ్ళి, నాలుగు కొమ్ములు, నవ్వు. ఆయన లెక్క కట్టుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నాడు.

అన్నీ విన్నాడు. మధ్యలో వెంగమ్మ ఆపబోతే వద్దన్నాడు. పళ్ళ మాట వచ్చినప్పుడు నోట్లో తన ముందు పళ్ళను నాలుకతో తడిమి చూసుకోవటం నాకు కనపడింది. చివరి దాంట్లో మాలకొండయ్య మాట మెత్తబడిపోయింది. కొన్ని అక్షరాలు గాలిలో జారిపోతున్నాయి.

“తీసేశారన్నా. కట్టుడు పళ్ళు పెట్టారు, అన్నం తినటానికి పర్లేదు. పీక నిలవటం లేదు. ఇంక పంపనులే. నువ్వు బాగుండు.”

చెంచురామయ్య వంగి నా తెర మీద వెతికాడు. తర్వాత, “ఆ బొట్టు ఏది?” అని అడిగాడు. వెంగమ్మకు అర్థం కాలేదు. అంకె ఉన్న ఎర్ర గుండ్రం అన్నీ చూసేసరికి మాయమైంది. ఆ సంగతి ఆమె చెప్పింది. ఆయన తల ఊపి లేచి, సన్నాయి సంచీనీ, నన్నూ తీసుకుని బస్సు కోసం రోడ్డెక్కాడు. నన్ను ఎందుకు తీసుకెళ్ళాడో నాకు తెలియదు. సాక్ష్యానికి కాబోలు.

కందుకూరు దగ్గర ఆ ఊళ్ళో మాలకొండయ్య వాకిట్లో మల్లెచెట్టుకు నీళ్ళు పోస్తున్నాడు. అన్నను చూసి చెంబు కింద పెట్టి, తువాలు కొస నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్ళాం ఆదెమ్మ మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి లోపలికి వెళ్ళిపోయింది.

“పలక నోరు కట్టించాను రా. నువ్వు పంపినట్టు తెలీదు నాకు,” అన్నాడు చెంచురామయ్య.

“తెలిస్తే వచ్చేవోడివే,” అన్నాడు తమ్ముడు. అది ప్రశ్నో కాదో నాకు తెలియలేదు.

చెంచురామయ్య మంచినీళ్ళు తాగి మళ్ళీ అన్నాడు. “ఆ రోజు ముహూర్తం దాటలేదు. పంతులుగారు సైగ కూడా చెయ్యలేదు.”

“తెలుసన్నా. పళ్ళెం నాకూ కనపడుతూనే ఉంది.”

అంతకు ముందైతే ఆ మాట దగ్గర ఇద్దరూ సన్నాయిలు తీసేవాళ్ళు. చెంచురామయ్య చెయ్యి సంచీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. బయల్దేరేటప్పుడు మాలకొండయ్యే అడిగాడు.

“తిత్తిపెట్టె ఉందా ఇంకా?”

“అటక మీదుంది.”

“చేతులకేం కాలేదుగా నాకు. శ్రుతి నేనేస్తా.”

ఇప్పుడు వాళ్ళ మేళంలో శ్రుతి నాది కాదు. మాలకొండయ్య పాత తిత్తిపెట్టెను ముందు పెట్టుకుని కూర్చుంటాడు. నాకన్నా బాగా వేస్తాడు. నేను ఊపిరి తీసుకోనని చెంచురామయ్య మెచ్చుకున్నాడు కానీ, అన్న ఊపిరి తీసుకునే చోటు తెలిసి తిత్తిని కొంచెం నింపి పట్టటం నా చేత కాదు. వానలకు తిత్తి నెమ్మెక్కితే పనికొస్తానని నన్ను ఎర్ర సంచిలో వెంట తీసుకెళుతుంటారు. మేళం ముందు చెంచురామయ్య కళ్ళజోడు పెట్టుకుని నెలవంక నొక్కుతాడు. మేళం అయ్యీ కాగానే, చెమట తుడుచుకోకముందే మళ్ళీ నొక్కి ఆర్పుతాడు. ఆ పని ఇంకెవరినీ చెయ్యనివ్వడు.

మొన్న ఒక పెళ్ళిలో ఆయన కల్యాణి వాయించాడు. ఒక చోటికి వచ్చి సన్నాయిని పెదాల మీది నుంచి తీసేశాడు. డోలు మెల్లగా నడుస్తోంది, తిత్తి శ్రుతి నిండుగా ఉంది, పాట లేదు. పెద్దాయన దమ్ము తీసుకుంటున్నాడని జనం అనుకున్నారు. తిత్తి మీద మాలకొండయ్య ఒక చెయ్యే ఉంది, రెండో చేతి వేళ్ళు ఆడుతున్నాయి, లేని రంధ్రాల మీద. తాళం ఒక ఆవర్తనం తిరిగింది. ఆ వేళ్ళు ఆగాక చెంచురామయ్య అందుకున్నాడు. మంగళసూత్రం పళ్ళెం వెనక్కి వచ్చింది. పంతులుగారు సైగ చేశారు. చెంచురామయ్య వేలెత్తలేదు, తమ్ముడి వైపు చూశాడు. మాలకొండయ్య వేలెత్తాడు. అంకమరావు కొట్టాడు.

భోజనాలకు కూర్చున్నాక సంచిలోంచి నేను ‘టింగ్’ అన్నాను. చెంచురామయ్య చెయ్యి విస్తట్లోనే ఆగింది. అన్నిటికన్నా ముందు తమ్ముడి వైపే చూశాడు. ఎప్పుడు మోగినా అంతే. తమ్ముడు పక్కనే కూర్చుని, నమలలేని గారెను మజ్జిగలో నానబెట్టుకుంటున్నాడు. అది చూశాక ఆయన నెమ్మదిగా చెయ్యి కడుక్కుని నన్ను బయటికి తీశాడు. వెంగమ్మ. తిన్నారా అని అడిగింది.